కాలేయమునకు కణమే మందు: పాతబస్తీ చరిత్రలో ఒక ప్రకరణము

పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని మన పెద్దలు సామెత చెప్పుదురు. వైద్యులు ఈ మాటను ఒప్పుకొనరు. కామెర్లు వచ్చినవాని కన్ను పచ్చబడునే కాని వాని చూపు పచ్చబడదని వారందురు. అయినను ఈ వ్యాధి విషయమున మన చూపు చాలకాలము పచ్చదనము దగ్గరనే ఆగిపోయినమాట నిజము. పచ్చదనము కంటికి కనబడునది. దానికి మూలమైన కాలేయ వ్యాధి కంటికి కనబడనిది. ఆ కనబడనిదానిని వెదకుటలోను, దానికి మందు కూర్చుటలోను మన హైదరాబాదు పాతబస్తీకి ఒక పాత్ర కలదు. నేడు ప్రపంచములోని పెద్ద పరిశోధనాలయములలో, మనిషి రక్తమునందలి రక్షక కణములనే తీర్చిదిద్ది, వానితో దీర్ఘకాలికమైన కాలేయ వ్యాధిని నయము చేయవచ్చునా అని పరీక్షించుచున్నారు. జీవించియున్న కణమునే మందుగా కాలేయ రోగికి ఇచ్చు ఆలోచన మన నగరమునకు క్రొత్తది కాదు. ఆ చరిత్రను శ్రోతలకు విన్నవించుట ఉచితమని మేము తలంచితిమి.

కామెర్లకు మందు అడుగదగిన చోటులు పాతబస్తీలో ఎన్నడును కొరవడలేదు. చార్మినారు చెంత, మక్కా మసీదుకు సమీపమున, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలములో నెలకొన్న నిజామియా యునానీ వైద్యశాల కలదు. హకీములు ఈ వ్యాధిని యర్ఖాన్ అందురు. తెలుగు ఇండ్లలో కామెర్లు అనగానే మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునది నేల ఉసిరి. దాని పసరును మజ్జిగలో కలిపి పరగడుపున త్రాగించుట, నూనె వస్తువులు మాన్పించి పథ్యము పెట్టుట మన తల్లులకు అలవాటైన పని. వీనిని ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. కాని వీని కీర్తికి గల ఒక కారణమును ఇక్కడ చెప్పవలసియున్నది. కలుషితమైన నీటి వలన వచ్చు ‘ఏ’ రకము, ‘ఇ’ రకము కామెర్లు చాలమందిలో కొన్ని వారములకు తమంతట తామే తగ్గిపోవును. 2005లో హైదరాబాదులో ‘ఇ’ రకము ప్రబలినప్పుడు, మురుగు కాలువలను దాటిపోవు మంచినీటి గొట్టములలో దోషమున్నదని వైద్యులు గుర్తించిరి. అట్టి కామెర్లు గర్భిణులకును మరికొందరికిని ప్రాణాంతకమైనను, తక్కినవారిలో పెక్కుమంది పసరు పోసినను పోయకున్నను కోలుకొందురు. కోలుకొన్నవాడు తాను త్రాగిన మందును కీర్తించును.

‘బి’ రకము కథ వేరు. ఇది నీటి వలన రాదు. రక్తము ద్వారా, ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడుట ద్వారా, శుభ్రపరపని క్షురకత్తి ద్వారా, దాంపత్య సంబంధము ద్వారా, అన్నిటికంటె ముఖ్యముగా కాన్పు సమయమున తల్లినుండి బిడ్డకు ఇది సంక్రమించును. పెద్దవారికి సోకినచో నూటికి 95 మందికి పైగా తమ దేహబలముతోనే దానిని వదిలించుకొందురు. పుట్టుచున్న బిడ్డకు సోకినచో నూటికి 90 మందిలో అది బ్రతికినంతకాలము నిలిచిపోవును. అట్లు నిలిచిన వైరసు ఇరువది ముప్పది ఏండ్లు ఏ నొప్పియు కలిగింపక ఊరకయుండును. కన్ను పచ్చబడదు, ఆకలి చెడదు. ఒకనాడు కాలేయము గట్టిపడినదనియో, దానిలో క్యాన్సరు పుట్టినదనియో తెలియవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2022లో లోకమున 25 కోట్ల 40 లక్షల మందిలో ఈ వైరసు దీర్ఘకాలికముగా నిలిచియున్నది. ఆ యేట దానివలన మరణించినవారు 11 లక్షల మంది. మన దేశమున ఈ వైరసు కలవారు 2 కోట్ల 98 లక్షల మంది అని అదే సంస్థ అంచనా వేసినది.

ఈ వైరసు జాడ దొరకిన విధము విచిత్రమైనది. అమెరికా దేశీయుడైన బారూక్ బ్లంబర్గ్ అను వైద్యుడు వివిధ జాతుల రక్తములోని భేదములను పరిశీలించుచు, 1963లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తములో ఒక క్రొత్త పదార్థమును చూచెను. దానికి ఆస్ట్రేలియా ప్రతిజనకము అని పేరు పెట్టి 1965లో ప్రకటించెను. ఆయన వెదకినది కామెర్ల కారణమును కాదు. అయినను మరి రెండేండ్లలో ఆ పదార్థము కామెర్లకు సంబంధించినదని, పిదప అది ‘బి’ రకపు వైరసు పైపొర అని తేలినది. ఈ కృషికి 1976లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఆయన జన్మదినమైన జూలై 28వ తేదీనే నేడు ప్రపంచ హెపటైటిస్ దినముగా జరుపుకొనుచున్నారు.

మన నేల ఉసిరి కథలో కూడ బ్లంబర్గ్ పేరు వచ్చుట శ్రోతలకు ఆశ్చర్యము కలిగింపవచ్చును. మద్రాసులో త్యాగరాజన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును బ్లంబర్గ్‌తో కలిసి ‘బి’ రకపు వైరసు నిలిచియున్నవారికి నేల ఉసిరి పొడిని ఇచ్చి చూచిరి. 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితములు వెలువడినవి. మందు పుచ్చుకొన్న 37 మందిలో 22 మంది రక్తమునుండి వైరసు పైపొర పదార్థము తొలగిపోయినదనియు, ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగినదనియు వారు వ్రాసిరి. దేశమంతట ఆశ చిగురించినది. కాని తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలితము మరల కనబడలేదు. మంచి మనస్సుతో, మంచి పద్ధతితో చేసిన పరీక్ష కూడ మరల మరల నిలిచిననే కాని మందు కాజాలదని ఈ ఉదంతము బోధించుచున్నది. కణచికిత్సను గూర్చి చెప్పబోవు మాటలకు కూడ ఇదే గీటురాయి.

ఇక మూసీ తీరమునకు వత్తము. పాతబస్తీకి ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండెడిది. మత్తుమందైన క్లోరోఫారము గుండెను ముందుగా ఆపునా, శ్వాసను ముందుగా ఆపునా అను ప్రశ్నను తేల్చుటకు 1888లోను 1889లోను హైదరాబాదులో రెండు సంఘములు కూర్చుండినవి. ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు వానికి సూత్రధారి. ఈ నగరములో వైద్యము నేర్చుకొనుటయే కాక, వైద్యమును పరీక్షించుట కూడ నాటినుండియే కలదని చెప్పుటకు ఇది నిదర్శనము. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరదలో ఆ ఆస్పత్రి దెబ్బతినినది. తరువాత విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి రూపకల్పనతో, గుమ్మటములతో లేచినదే ఉస్మానియా ఆస్పత్రి. నయాపూల్ దాటివచ్చు పాతబస్తీ రోగులకు తరతరములుగా అదియే పెద్ద దిక్కు.

ఆ ఉస్మానియాలో జీర్ణకోశ వ్యాధుల వైద్యమున పేరు గడించినవారు డాక్టరు సి. ఎం. హబీబుల్లా. తరువాతి కాలమున ఆయన పాతబస్తీలోని కంచన్‌బాగ్‌లో, 1980 దశాబ్దమున స్థాపితమైన దక్కన్ వైద్య కళాశాలలో, కాలేయ పరిశోధన, రోగనిర్ధారణ కేంద్రమునకు నాయకత్వము వహించిరి. ఆయనయెదుట నిలిచిన సమస్య ఇది. కొందరికి కామెర్లు సోకిన కొద్దిదినములలోనే కాలేయము ఒక్కసారిగా చేతులెత్తివేయును. రోగి తికమకపడును, నిద్రమత్తులోనికి జారును, తుదకు తెలివి తప్పును. చెడిన కాలేయమును తీసి క్రొత్తదానిని అమర్చు శస్త్రచికిత్సను అమెరికాలో థామస్ స్టార్జల్ 1963లోనే మొదలుపెట్టెను. కాని 1990 దశాబ్దపు ప్రారంభమున అది మన దేశములో రోగికి అందు చికిత్స కాదు. మరి ఆ రోగికి ఏమి చేయవలెను?

కాలేయమునకు ప్రకృతి ఒక వరమిచ్చినది. కొంత భాగము చెడినను, తక్కిన భాగము మరల పెరిగి నిండుకొనును. కాని అట్లు పెరుగుటకు వ్యవధి కావలెను. అంతవరకు దేహములోని విషములను హరించు పనిని మరియెవరో చేయవలెను. ఇల్లు మరల కట్టుకొనునంతవరకు పొరుగువారి వసారా ఆశ్రయమైనట్లు, ఇతరుల కాలేయ కణములను కొన్నిటిని రోగి దేహములో ఉంచినచో, అవి కొన్నాళ్ళు ఆ పని చేసిపెట్టునా? జపానులో మిటో అను శస్త్రవైద్యుడును ఆయన సహచరులును కాలేయము గట్టిపడిన రోగులకు వారి కాలేయ కణములనే తీసి మరల ఎక్కించిన వృత్తాంతము 1992లో వెలువడినది. మరి రెండేండ్లకే, 1994లో, హబీబుల్లా బృందము తమ అనుభవమును ట్రాన్స్‌ప్లాంటేషన్ అను అంతర్జాతీయ పత్రికలో ప్రకటించినది. కాలేయము హఠాత్తుగా చెడిన 7గురు రోగులకు, గర్భస్థ పిండముల కాలేయమునుండి వేరుచేసిన కణములను ఉదరకుహరములోనికి సూదితో ఎక్కించిరి. శస్త్రచికిత్స లేదు, పెద్ద యంత్రములు లేవు. పూర్తిగా తెలివి తప్పని దశలో కణములు పొందినవారికి మేలు కనబడినది. మత్తు మిక్కిలి ముదిరినవారికి అంత ఫలము కనబడలేదు.

ఏడుగురు రోగులతో ఒక చికిత్స స్థిరపడదు. ఈ మాటను మేము దాచిపెట్టదలచలేదు. కాని కణమును మందుగా భావించి, కొలిచి, రోగికి ఎక్కించి, ఫలితమును లోకము పరీక్షించుటకు వీలుగా వ్రాసిపెట్టిన తొలి బృందములలో మన నగరపు బృందము ఒకటి. ఆ కృషి అంతటితో ఆగలేదు. ఇదే కేంద్రము, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞుని సహకారముతో, కాలేయము గట్టిపడి ముదిరిన 25 మంది రోగులకు పిండ కాలేయమునుండి తీసిన మూలకణములను కాలేయ ధమని ద్వారా పంపి, ఆరు నెలలు గమనించి, 2010లో ఆ ఫలితములను ప్రకటించినది. రోగ తీవ్రతను కొలుచు అంకెలు తగ్గినవని అందు వ్రాసిరి.

అయితే ఈ మార్గమున రెండు చిక్కులు ఎదురైనవి. మొదటిది ధర్మసంబంధమైనది. పిండమునుండి కణములు తీసికొనుట అనునది తల్లి పూర్ణ సమ్మతితో, నైతిక సంఘముల అనుమతితో తప్ప చేయదగిన పని కాదు. మూలకణముల పేరు చెప్పి నిరూపణ లేని చికిత్సలను అమ్ముకొనువారు దేశమున బయలుదేరగా, భారత వైద్య పరిశోధన మండలి 2007లో మార్గదర్శక సూత్రములను వెలువరించి, 2013లోను 2017లోను వానిని సవరించినది. రక్తవ్యాధులకు చేయు మజ్జ మార్పిడివంటి స్థిరపడిన చికిత్సలు తప్ప, తక్కిన మూలకణ ప్రయోగములన్నియు అనుమతి పొందిన పరీక్షల హద్దులలోనే జరుగవలెనని, అట్టి పరీక్షలో చేరిన రోగివద్ద రుసుము పుచ్చుకొనరాదని అవి శాసించినవి.

రెండవ చిక్కు వైరసుకు సంబంధించినది. ఎంత మంచి కాలేయ కణమును తెచ్చి నాటినను, రోగి దేహములో ‘బి’ రకపు వైరసు ఉన్నంతవరకు అది ఆ క్రొత్త కణమునందును ప్రవేశింపగలదు. చీడ పట్టిన చేనులో క్రొత్త నారు నాటినట్లే. కూలిపోయిన కణమునకు బదులు కణమును ఇచ్చుట చికిత్సలో సగము. కణమును కూల్చుచున్నదానిని వెళ్ళగొట్టుట రెండవ సగము. పాతబస్తీ కృషి మొదటి సగమును చూపినది. రెండవ సగమును గూర్చిన చరిత్ర ఇక చెప్పుదుము.

వైరసును లోనికి రానీయకుండ చేయు టీకా 1981లో అమెరికాలో ఆమోదము పొందినది. అది వైరసు కలవారి రక్తమునుండి తీసి శుద్ధి చేసినది. 1986లో ఈస్టు కణములో వైరసు జన్యువును చేర్చి, దానిచేతనే పైపొర పదార్థమును తయారుచేయించు పద్ధతి వచ్చినది. కాని మన దేశమునకు దిగుమతి అయిన ఆ టీకా మోతాదు ఒక్కటికి ఏడెనిమిది వందల రూపాయల వెల పలికెడిది. బిడ్డకు మూడు మోతాదులు కావలెను. పాతబస్తీలో గాజులు చేసి జీవించు కుటుంబము దానిని ఎట్లు కొనగలదు? నెల్లూరు జిల్లావారైన కె. ఐ. వరప్రసాదరెడ్డి 1993లో తన తల్లి పేర శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను హైదరాబాదులో నెలకొల్పిరి. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రములోను దొరకిన గదులలో వారి శాస్త్రజ్ఞులు శ్రమించిరి. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి అను పేర మన దేశపు మొట్టమొదటి జన్యుసంయోజక హెపటైటిస్ టీకా వెలువడినది. దాని వెల మోతాదుకు 50 రూపాయలు. జాతీయ టీకా కార్యక్రమములో ‘బి’ రకపు టీకాను 2002-03లో 14 నగరములలోను 33 జిల్లాలలోను ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టిరి. 2011 నాటికి దానిని దేశమంతటికి విస్తరించిరి.

టీకా రాబోవు తరమును కాపాడును. ఇదివరకే వైరసు సోకినవానికి అది పనికిరాదు. అట్టివారికి టెనోఫోవిర్, ఎంటెకావిర్ అను మాత్రలు కలవు. అవి వైరసు సంతతిని అణచిపెట్టి, కాలేయమును కాపాడును. కాని వైరసు తన జన్యుపదార్థమును చిన్న వలయముగా చుట్టి, కాలేయ కణపు కేంద్రములో దాచియుంచును. మాత్రలు ఆ వలయమును తాకజాలవు. అందుచేత చాలమంది వానిని ఏండ్ల తరబడి మ్రింగవలసివచ్చును. మానినచో వైరసు మరల తల యెత్తవచ్చును.

మన దేహమునకు కావలి లేదా అని శ్రోతలు అడుగవచ్చును. కలదు. రక్తములో టి కణములు అను రక్షక కణములు కలవు. ఒక కణములో వైరసు చేరినచో, ఆ కణము తనలోని వైరసు తునకలను తన పైతలమున ప్రదర్శించును. టి కణము వానిని చూచి, ఆ కణమును చంపివేయును, లేదా చంపకయే రసాయనములను చిలికి వైరసును అణచివేయును. పెద్దవారిలో నూటికి 95 మందికి పైగా తమంతట కోలుకొనుటకు కారణమిదే. కాని పసితనముననే సోకినవానిలో ఆ వైరసును గుర్తింపగల టి కణములు మిక్కిలి కొద్ది. ఉన్నవి కూడ అలసిపోయినవి. వెనుక మన నగరము చుట్టును ప్రాకారము, దానికి దర్వాజాలు ఉండెడివి. నేటికి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే మిగిలినవి. దర్వాజా వద్ద కావలివాడు ఒకే దొంగను ప్రతిదినము చూచి చూచి, వానిని ఊరివాడే యనుకొని ఊరకుండిన ఎట్లుండునో, దీర్ఘకాల రోగిలో టి కణముల స్థితి అట్లుండును.

క్రొత్త కావలివానిని తెచ్చి పెట్టిన ఏమగును? దీనికి మొదటి సమాధానము అనుకోని చోట దొరకినది. 1990 దశాబ్దములో యెరూషలేములోను హాంకాంగులోను రక్తవ్యాధులకై ఎముక మజ్జ మార్పిడి చేసిన కొందరు రోగులలో ఒక వింత కనబడినది. రోగికి ‘బి’ రకపు వైరసు ఉన్నది. మజ్జ ఇచ్చినవానికి ఆ వైరసుపై రోగనిరోధకత ఉన్నది. మార్పిడి తరువాత రోగి రక్తమునుండి వైరసు తొలగిపోయినది. దాత కణములతోపాటు దాత కావలి కూడ వచ్చినదన్నమాట. కాని మజ్జ మార్పిడి ప్రాణాపాయము కల చికిత్స. కాలేయ రోగులందరికి చేయదగినది కాదు. రోగి టి కణములనే బయటికి తీసి, వానికి వైరసును గుర్తించు క్రొత్త కన్ను అమర్చి, మరల లోనికి పంపినచో?

కణమునకు క్రొత్త కన్ను అమర్చు విద్యకు ఇశ్రాయేలు శాస్త్రజ్ఞుడు జెలిగ్ ఎష్హార్ 1989లో దారి చూపెను. ఆయనయు ఆయన సహచరులును రెండు భిన్నమైన అణువుల భాగములను అతికి, టి కణమునకు క్రొత్త గ్రాహకము నిర్మించిరి. 2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రక్త క్యాన్సరు ముదిరిన ఒక బాలికకు ఇట్టి కణములు ఎక్కింపగా ఆమె కోలుకొనినది. 2017లో అమెరికా ప్రభుత్వము ఈ చికిత్సను రక్త క్యాన్సరుకు ఆమోదించినది. దీనినే కార్-టి చికిత్స అందురు.

కాలేయ వైరసుపై ఇట్టి ప్రయత్నము జర్మనీలోని మ్యూనిక్‌లో ఉల్రికె ప్రొట్సర్ బృందము చేసినది. వైరసు సోకిన కాలేయ కణముల పైతలమున కనబడు పదార్థమును పట్టుకొను గ్రాహకమును టి కణములకు అమర్చి, అవి సోకిన కణములను గుర్తించి చంపగలవని 2008లో చూపిరి. 2013లో ఎలుకలపై ప్రయోగింపగా, ఆ కణములు కాలేయమున చేరి వైరసును త్వరగా తగ్గించినవి. కాలేయమునకు కలిగిన దెబ్బ తాత్కాలికముగానే ఉండెను. సింగపూరులో ఆంటోనియో బెర్టొలెట్టి బృందము, వైరసును స్వయముగా జయించినవారి టి కణముల గ్రాహకమునే నకలు తీసి రోగి కణములకు అమర్చు మార్గమును పట్టినది. కాలేయ మార్పిడి తరువాత క్యాన్సరు ఇతర అవయవములకు వ్యాపించిన ఒక రోగికి లండను వైద్యులతో కలిసి ఇట్టి కణములు ఎక్కించిన వృత్తాంతము 2015లో వెలువడినది. ఆ రోగి రక్తములో వైరసు పైపొర పదార్థము తగ్గినది. అయినను ఆ ఒక్క ప్రయత్నముతో వ్యాధి నయమైనదని చెప్పుటకు వీలు కలుగలేదు.

ఇందలి అపాయమును కూడ శ్రోతలు తెలిసికొనవలెను. రక్త క్యాన్సరులో చంపవలసిన కణములు చచ్చినను దేహము తట్టుకొనగలదు. కాలేయములో అట్లు కాదు. కాలేయ కణములలో పెక్కింటిలో వైరసు ఉన్నప్పుడు, వానిని అన్నిటిని ఒక్కమారు చంపినచో, వైరసుతోపాటు కాలేయము కూడ పోవును. ఎలుకను చంపుటకు ఇల్లు తగులబెట్టరాదు గదా! అందుచేత కొన్ని దినములు మాత్రమే పనిచేసి, పిదప తమ క్రొత్త కన్నును కోల్పోవు టి కణములను తయారుచేయుచున్నారు. చంపుటకంటె వైరసును అణచుటకే మొగ్గు చూపు కణములను గూర్చియు పరిశోధనలు సాగుచున్నవి. నేటివరకు ఏ దేశమునందును దీర్ఘకాలిక ‘బి’ రకపు వ్యాధికి ఇట్టి రక్షక కణచికిత్స ఆమోదము పొందలేదు. దీనిని అమ్మజూపువారెవరైన ఎదురైనచో, వారిని నమ్మరాదని స్పష్టముగా చెప్పుట మా విధి.

ఇక వెల మాట. అమెరికాలో 2017లో కార్-టి చికిత్సకు పెట్టిన వెల 4 లక్షల 75 వేల డాలర్లు. మన దేశములో బొంబాయి ఐ.ఐ.టి., టాటా స్మారక ఆస్పత్రి శాస్త్రజ్ఞుల కృషితో రూపొందిన నెక్స్‌కార్-19 అను చికిత్సకు 2023 అక్టోబరులో రక్త క్యాన్సరులకై అనుమతి లభించినది. దాని వెల విదేశపు వెలలో సుమారు పదవవంతు. ఆ చికిత్సను తయారుచేయు ఇమ్యునోయాక్ట్ సంస్థలో హైదరాబాదుకు చెందిన లారస్ ల్యాబ్స్ 2021లో పెట్టుబడి పెట్టినది. వెల పదవవంతుకు దిగుట గొప్ప సంగతియే. కాని ఆ పదవవంతు కూడ లక్షలలోనే ఉన్నది. ఒక్కొక్క రోగి రక్తమును తీసి, ఒక్కొక్కరికి వేరుగా కణములను తయారుచేయు ఈ పద్ధతి, 3 కోట్లకు చేరువైన మన రోగులకు ఎట్లు అందగలదు?

ఈ ప్రశ్నకు మన నగరపు చరిత్రయే కొంత ధైర్యము చెప్పుచున్నది. వందల రూపాయల టీకా 50 రూపాయలకు దిగినది ఇక్కడనే. ‘సి’ రకపు కాలేయ వ్యాధిని సాధారణముగా 12 వారములలో నయము చేయు సోఫోస్‌బువిర్ అను మందు 2013లో అమెరికాలో వెలువడినప్పుడు, ఒక్క మాత్ర వెల 1000 డాలర్లు. 2014లో దానిని తక్కువ వెలకు తయారుచేయుటకు అనుమతి పొందిన భారతీయ సంస్థలలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమములో ఆ వ్యాధికి పరీక్షయు మందును ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితముగా ఇచ్చుటకు ఏర్పాటు జరిగినది. కనుగొనుట ఒక విద్య; కనుగొన్నదానిని గడప గడపకు చేర్చుట మరియొక విద్య. ఈ రెండవ విద్యలో హైదరాబాదు పలుమారులు ఆరితేరినది. కణచికిత్స ఒకనాడు నిరూపితమైనచో, దానికి కూడ ఈ రెండవ విద్య అవసరము కాకపోదు.

కాని ఆ దినము వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండ పనిలేదు. గర్భిణులందరు ‘బి’ రకపు రక్తపరీక్ష చేయించుకొనవలెను. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపల మొదటి టీకా వేయించవలెను. తల్లికి వైరసు ఉన్నట్లు తెలిసినచో, వైద్యులు బిడ్డకు అదనపు రక్షణ కూడ చెప్పుదురు. ఆ తరువాతి మోతాదులను 6, 10, 14 వారములలో తప్పక ఇప్పించవలెను. వైరసు కలవారు క్రమము తప్పక పరీక్షకు వెళ్ళవలెను. వైద్యుడు చెప్పనిదే మాత్రలు మానరాదు. వారితో ఒకే పళ్ళెములో తినుట వలన, చేయి కలుపుట వలన, బిడ్డను ముద్దాడుట వలన ఈ వ్యాధి అంటదు. అట్టివారిని పెండ్లికి, పనికి, పంక్తికి దూరము చేయుట అజ్ఞానము. టీకా వేసికొన్న జీవిత భాగస్వామికి భయము లేదు.

కంచన్‌బాగ్‌లో సూదితో ఎక్కించిన ఆ కాలేయ కణములు కొద్దికాలము మాత్రమే పనిచేయుటకు ఉద్దేశింపబడినవి. కాని జీవకణము మందు కాగలదను ఆలోచన నిలిచినది. నేడు మ్యూనిక్, సింగపూరు నగరములలో వేరు దారిన నడచుచున్నది కూడ అదే ఆలోచన. అది మరల మన ఆస్పత్రుల వాకిటికి ఎన్నడు వచ్చునో కాలమే చెప్పవలెను. పుట్టిననాడు బిడ్డకు వేయు టీకా మాత్రము నేడే మన చేతిలోనున్నది. ప్రతి ఇల్లు దానిని వినియోగించుకొనినచో, కణచికిత్స మన ముంగిటికి వచ్చునాటికి దాని అవసరము పడువారు మన పిల్లలలో మిక్కిలి కొద్దిమందియే ఉందురు.